హాస్యమునకు ఆశ్రయమెవరు? – వికలాంగపాత్రల స్వవిషయ పరిహాసమును గూర్చిన విచారణ

భరతముని నాట్యశాస్త్రము ఆరవ అధ్యాయమున హాస్యరసమునకు విభావములను లెక్కించుచు వికృతవేషము, వికృతాలంకారము, ధార్ష్ట్యము, లౌల్యము, అసత్ప్రలాపము మొదలగువానితో వ్యంగదర్శనమును కూడ చేర్చెను. వ్యంగమనగా వికలమైన అంగము. అట్టిదానిని చూచుట నవ్వునకు ఒక కారణమని తాత్పర్యము. అలంకారశాస్త్రమును బోధించు మనలో ఈ పట్టికను విద్యార్థులచే వల్లె వేయింపనివాడుండడు. పరీక్షలో హాస్యవిభావములను పేర్కొనుమని అడిగినచో పిల్లలు తడుముకొనకుండ వ్రాయుదురు. కాని ఊతకర్రను గోడకు ఆనించి ముందువరుసలో కూర్చున్న విద్యార్థి యొకడు తరగతిలో ఉన్నప్పుడు ఆ పదమునకు అర్థము చెప్పుట ఎట్లు? గొంతు తగ్గించి తరువాతి పదమునకు పోవుట ఒక ఉపాయము. చాలమంది ఉపాధ్యాయులు ఆశ్రయించు ఉపాయమదియే. శాస్త్రపదమును అట్లు దాటవేయుట శాస్త్రమునకును గౌరవము కాదు, విద్యార్థికిని గౌరవము కాదు. ఆ పదమునకు ఎదురుగా నిలిచి చేయదగిన విచారము కలదు.

ధర్మశాస్త్రకారులు ఈ విషయమున నాట్యశాస్త్రమునకు విరుద్ధముగ మాటలాడుచున్నట్లు తోచును. మనువు నాల్గవ అధ్యాయమున స్నాతకధర్మములను చెప్పుచు హీనాంగులను, అధికాంగులను ఆక్షేపింపరాదనెను. ఎనిమిదవ అధ్యాయమున ఇంకను కఠినుడయ్యెను. ఒంటికన్నువానిని, కుంటివానిని ఆ మాటతో పిలిచినవాడు చెప్పినది సత్యమే యైనను ఒక కార్షాపణమునకు తగ్గని దండమునకు పాత్రుడు. యాజ్ఞవల్క్యుడు సత్యముచేతగాని, అసత్యముచేతగాని, వ్యాజస్తుతిచేతగాని న్యూనాంగులను నిందించినవానికి పండ్రెండున్నర పణములు విధించెను. కౌటిల్యుని లెక్క మిక్కిలి సూక్ష్మము. వాక్పారుష్య ప్రకరణమున శరీరలోపమును ఎత్తిచూపు మాట నిజమైనచో 3 పణములు, అబద్ధమైనచో 6 పణములు, కంటిలోపము కలవానిని చక్కని కన్నులవాడని ఎగతాళిగ పొగడినచో 12 పణములు దండము. నిజము కంటె అబద్ధమునకును, అబద్ధము కంటె కపటస్తుతికిని దండము ఇబ్బడి ఇబ్బడిగ పెరిగినది. మనిషి మనస్సు ఎచట ఎక్కువ గాయపడునో ఆ రాజనీతిజ్ఞుడు బాగుగ ఎరిగినవాడు.

రంగస్థలమున నవ్వునకు విభావమైనది వీథిలో దండనీయమగుచున్నది. ఈ రెంటిని సమన్వయింపవలెనన్న నవ్వబడుచున్నది ఏమి అన్న ప్రశ్న చాలదు. నవ్వుచున్నదెవరు అని అడుగవలెను.

ఈ రెండవ ప్రశ్నను శాస్త్రభాషలో స్పష్టముగ లేవనెత్తినవాడు మన ఆంధ్రుడే. కోనసీమలోని ముంగండవాడని ప్రసిద్ధి గాంచిన జగన్నాథ పండితరాయలు రసగంగాధరమున ఒక శంకను ఉపక్రమించెను. రతి, శోకము, క్రోధము మొదలగు భావములలో ఆలంబనము వేరుగను, ఆశ్రయము వేరుగను మనకు తోచును. శకుంతల ఆలంబనము, దుష్యంతుడు ఆశ్రయము. హాసమున, జుగుప్సలో మాత్రము అట్లు కాదు. ఎవనిని చూచి నవ్వు వచ్చునో వాడు మాత్రమే పద్యమున కనబడును. ఆ నవ్వు ఎవనిలో పుట్టినదో వాడు కనబడడు. దానికి సమాధానముగ పండితరాయలు చూచు పురుషుడెవడో ఒకడు అచట ఆక్షేపింపదగినవాడని చెప్పెను. కావ్యమున ఒక పీఠము వేసియున్నది, అందు కూర్చున్నవాడు మాత్రము కనబడడు. సాధారణముగ ఆ పీఠమున సహృదయుడే పోయి కూర్చుండును.

ఈ శూన్యపీఠమే మన సమస్యకు కీలకము. వికలాంగపాత్ర ఆలంబనముగ మాత్రమే నిలిచినప్పుడు ప్రేక్షకుడు ఆ పీఠమున ఒంటరిగ కూర్చుండి నవ్వును. నవ్వు తీరగానే లేచిపోవును. ఆ పాత్ర తన దేహమును గూర్చి తానే పరిహాసమాడినప్పుడు ఆ పీఠమును ముందుగ తానే ఆక్రమించును. అప్పుడు ఆలంబనము, ఆశ్రయము ఒక్కడే. ప్రేక్షకునకు మిగిలినది పాత్ర ప్రక్కన కూర్చుండి పాత్రతో కూడి నవ్వుట. వికలాంగపాత్రయందు మనకు కలుగు ఇష్టము ఈ స్థానభేదము వలన కలుగుచున్నదని ఈ వ్యాసమున నా ప్రతిపాదన. ఉదాహరణములను పరిశీలింతము.

మొదట ప్రతికూలోదాహరణము. తెనాలి రామకృష్ణుని కథలలో గూనిచాకలి కథను ఎరుగని తెలుగుబాలుడుండడు. మెడవరకు పాతిపెట్టబడి ఏనుగు కాళ్ళక్రింద చావవలసిన కవి, దారిన పోవుచున్న గూనివానితో తాను గూని పోగొట్టుకొనుటకై ఇట్లు పాతించుకొంటినని చెప్పి, వానిని గోతిలో దింపి తాను తప్పించుకొనెను. వికటకవి బుద్ధికి మెచ్చి నవ్వుదుము. ఆ గూనివాని పేరేమి? కథకు తెలియదు. తన గూనిని గూర్చి వాడేమనుకొనెను? నయమగునన్న ఆశ తప్ప వానికి మనస్సే లేదు. కథ ముగిసిన పిదప ఆ మనిషి ఏమయ్యెనని అడుగు పిల్లవాడు వేయింటికొకడుండును. అట్టివాడు దొరికినచో ఆ ఉపాధ్యాయుడు అదృష్టవంతుడు. ఇచట వ్యంగము శుద్ధాలంబనము. నవ్వు కలదు, ఇష్టము లేదు.

ఇక విదూషకుడు. భరతుడు విదూషకుని రూపమును పొట్టివాడు, ఎత్తుపండ్లవాడు, గూనివాడు, వికృతముఖుడు, బట్టతలవాడు, పింగళనేత్రుడు అని వర్ణించెను. నాట్యోత్పత్తికథలో బ్రహ్మ ఈ పాత్రకు కుటిలకమును, అనగా వంకరకర్రను ఇచ్చెను. తక్కిన దేవతలు కిరీటములు, ఛత్రములు, ధ్వజములు ఇచ్చుచుండగ సృష్టికర్త ఒక వంకరకర్రను ఎన్నుకొని ఇచ్చుట నాకు ఎప్పుడును ఆలోచన పుట్టించు విషయము. ఈ లక్షణములలో పొట్టితనము, గూని నేటి దృష్టిలో వైకల్యములే. బట్టతల, ఎత్తుపండ్లు వైరూప్యమాత్రములు. శాస్త్రము రెంటిని ఒక్క వరుసలో కట్టెను గనుక ఇచట వానిని కలిపియే గ్రహించుచున్నాను.

కాళిదాసుని విక్రమోర్వశీయమున విదూషకుడు మాణవకుడు. ద్వితీయాంక ప్రవేశకమున రాణి దాసి నిపుణిక ఇతడు ఒంటరిగ నిలిచి ఏదో గొణుగుకొనుచుండుటను దూరమునుండి చూచి చిత్రములోని కోతివలె ఉన్నాడనుకొనును. విదూషకునకు ఆ మాట వినబడదు, ప్రేక్షకునకు వినబడును. ఇది పరుల నవ్వు. అదే అంకమున పురూరవుడు ఊర్వశిని కొనియాడుచుండగ విదూషకుడు, విరూపతయందు తాను సాటిలేనివాడైనట్లే ఆమెయు రూపమున సాటిలేనిదా యని అడుగును. అద్వితీయత్వమను ధర్మము ఒక్కటే, రూపవిరూపములు మాత్రము ఎదురెదురు. అప్సరసతో సమానముగ తూగుటకు తన కురూపమునే తూకపురాయిగ వేసుకొనినవానిని చూచి రాజు చిన్నబోవడు, మనమును చిన్నబోము.

పంచమాంకమునకు వచ్చునప్పటికి ఆ కోతి మరల కనబడును. చ్యవనాశ్రమమున పెరిగిన రాకుమారుడు ఆయువు మొదటిసారి తండ్రి సన్నిధికి వచ్చెను. ప్రియమిత్రుడైన ఈ బ్రాహ్మణునకు శంకింపక నమస్కరింపుమని రాజు బాలునితో చెప్పెను. శంకింపవలదని చెప్పుటలోనే బాలుడు ఆ రూపమును చూచి జంకునేమో అన్న భావము కలదు. విదూషకుడు దానిని పట్టుకొనెను. శంక ఏల, ఆశ్రమమున నివసించినవానికి కోతి పరిచితమే కదా యనెను. బాలుడు చిరునవ్వుతో నమస్కరించెను.

ఉపమానము ఒక్కటే. ద్వితీయాంకమున దాసి నోట నున్నప్పుడు అది చాటుమాట, పంచమాంకమున విదూషకుని నోట అది ఒక బాలుని భయమును తీసివేసిన మాట. భరతుడు నవ్వును స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని ఆరు విధములుగ విభజించి మొదటి రెంటిని ఉత్తములకు, చివరి రెంటిని అధములకు చెప్పెను. కవి ఆ బాలునకు స్మితమునే విధించెను. వికృతాకారదర్శనము వలన సహజముగ విహసితము గాని ఉపహసితము గాని పుట్టవలసిన చోట స్మితము పుట్టినది. తన రూపమును గూర్చిన మాట తనదే యగుట వలన నవ్వు జాతియే మారినది. నా ప్రతిపాదనకు ఇంతకు మించిన ప్రమాణము సంస్కృతనాటకములలో నాకు కనబడలేదు.

అభిజ్ఞానశాకుంతల ద్వితీయాంకము ఇంతకంటె చిక్కైనది. వేటతో విసిగిన మాధవ్యుడు అవయవములు విరిగినవానివలె దండకాష్ఠము నానుకొని నిలుచును. ఈ వైకల్యము నటన. ఒకనాటి విశ్రాంతి కొరకు పన్నిన పన్నాగము. ఈ అవయవపీడ ఎచటిదని రాజు అడుగగ, కంటిలో తానే పొడిచి కన్నీటికి కారణమడిగినట్లున్నదని ఎత్తిపొడిచి, ఏటియొడ్డున వేతసము గూనివానివలె వంగుట తన ప్రభావముననా, నదీవేగముననా అని ప్రశ్నించును. నదీవేగమే కారణమని రాజు ఒప్పుకొనును. అట్లే నా వంకరకు నీవే కారణమని విదూషకుడు ముగించును. వంకర శరీరమున లేదు, దానిని త్రోయు ప్రవాహమున కలదని చెప్పుట ఇది. మెట్లు మాత్రమే ఉన్న కచేరీ ముందు నిలిచిన కుంటివాడు ఈ వేతసోపమను సులభముగ గ్రహించును.

ఈ ఘట్టమును పాఠము చెప్పిన సందర్భములలో ఒకటి ఇచట చెప్పదగినది. ఇచ్ఛాపురమునకు చేరువ సముద్రతీరమున నున్న డొంకూరునుండి వచ్చిన జాలరి పిల్లవాడొకడు నా వద్ద సాహిత్యము చదివెను. శైశవమున వచ్చిన పోలియో వలన అతని యెడమకాలు సన్నబడినది. పాత్రలను పంచి చదివించునప్పుడు మాధవ్యుని మాటలు ఎవరు చదువుదురని అడుగగ అతడు తన ఊతకర్రతో లేచి, "ఈ వేసానికి నాకు కర్ర కొనక్కర్లేదు మాస్టారూ" అనెను. తరగతి గొల్లున నవ్వినది. ఆ నవ్వు అతనితో మొదలై అతని వైపునుండి ప్రసరించినది గాని అతనిపై పడలేదు. నవ్వు అంటుకొను స్వభావము కలదని, పుల్లని దానిమ్మను తినువానిని చూచినవాని నోట నీరూరినట్లు ఒకనినుండి మరియొకనికి సంక్రమించునని అభినవగుప్తపాదులు వ్యాఖ్యానించిరి. ఆత్మస్థ పరస్థ భేదమునకు ఆ దినమున నా తరగతియే వ్యాఖ్యానమైనది.

తరువాత వేతసవాక్యము వచ్చినప్పుడు అతడు ఆగి పలికిన మాట ఇంకను గొప్పది. ఉప్పుటేటి గట్టున రెల్లును చూచి పెరిగినవాడు కదా. "పోటు తగ్గితే రెల్లు లెగుస్తాది మాస్టారూ, నాను లెగను. అయితే కొట్టుకుపోను కూడా" అనెను. మాధవ్యుని వైకల్యము రాజు సెలవిచ్చినంతనే తొలగునది. ఈ పిల్లవానిది తొలగునది కాదు. ఉపమానమునకును ఉపమేయమునకును గల ఈ భేదమును అంత సూటిగ చూపిన వ్యాఖ్యాత నాకు కనబడలేదు. ఆ మాటకు ఎవరును నవ్వలేదు. తరగతిలో వాని యెడ స్నేహము మాత్రము ఆనాటినుండి వేరు విధమైనది. అంతకు పూర్వము వానికి పుస్తకములు మోసిపెట్టువారుండిరి, తరువాత వానితో జగడమాడువారును ఏర్పడిరి.

నాటకములను విడిచి పురాణమునకు వత్తము. భాగవత దశమస్కంధమున కంసుని చందనదాసి యువతి, సుందరవదన, కుబ్జ. శ్రీకృష్ణుడు నవ్వుచు ఆమెను ఎవరివని ప్రశ్నించెను. ఆమె తన పేరు త్రివక్ర యని తానే చెప్పుకొనెను. మూడు వంకరలదని లోకము వేసిన ముద్ర అది. ఆమె దానిని దాచలేదు, దానికి ఏడ్వలేదు. అదే ఊపిరిలో తాను అనులేపనకర్మయందు ప్రసిద్ధురాలనని, తాను కూర్చిన లేపనము భోజపతికి మిక్కిలి ప్రియమని, అయినను దానికి మీ ఇరువురి కంటె అర్హులెవరని పలికెను. ఇది పరిహాసము కాకపోవచ్చును, కాని పరిహాసమునకు సహోదరమైన తేలికతనము. వంకరయు పనితనమును ఆమె మాటలో సమానభారముతో నిలిచినవి. కృష్ణుడు గడ్డమెత్తి ఆమెను చక్కజేయుటకు ముందే పాఠకునకు ఆమె ఇష్టురాలగుట ఈ సమాధానము వలననే.

పేర్ల ప్రసక్తి వచ్చినది గనుక ఒక మాట. 1995 నాటి చట్టము తెలుగువాడుకలో వికలాంగుల చట్టము. దాని స్థానమున 2016లో కొత్త చట్టము వచ్చెను. ఈ నడుమ దివ్యాంగులన్న పదము ప్రచారమునకు వచ్చినది, మన రాష్ట్రమున విభిన్న ప్రతిభావంతులన్న పదమును వాడుకలో నున్నది. పదములను సృష్టించినవారి సదుద్దేశమును శంకింపను. అయినను కౌటిల్యుడు 12 పణములు విధించినది ఏ మాటకో ఒక్కసారి స్మరింపుడు. ఎవరి పేరు వారిని అడిగి తెలిసికొనుట మంచిదని త్రివక్ర ఘట్టము చదివినవానికి తోచును.

అష్టావక్రుని కథ భారత వనపర్వమున కలదు. తండ్రి కహోడుడు జనకుని సభలో వందితో వాదించి ఓడి నీట ముంచబడగ, పండ్రెండేండ్ల బాలుడు మేనమామ శ్వేతకేతువుతో కూడి ఆ సభకు బయలుదేరెను. దారిలో రాజు ఎదురుపడగ, త్రోవ మొదట అంధునిది, బధిరునిది అని రాజునకే ధర్మము చెప్పెను. ద్వారపాలకుడు బాలుడని అడ్డగింపగ, బూరుగుచెట్టు బుడిపెలు పెరిగినంత మాత్రమున అది ఎదుగుట కాదనియు, చిన్నచెట్టైనను ఫలించినదే ఎదిగినదనియు చెప్పెను. ఎనిమిది వంకరలవాడు చెట్టుబుడిపెలను ఉపమానముగ ఎత్తుకొనుటలోని చమత్కారమును గమనింపుడు. పైకి అది వయస్సును గూర్చిన వాదము, లోపల శరీరమును గూర్చిన పరిహాసము.

సభవారందరు వానిని చూచి నవ్విరనియు, వాడును నవ్వి, పండితసభ యనుకొని వచ్చితిని, తోలును పరీక్షించు చర్మకారుల సభ ఇదియని పలికెననియు చెప్పు కథ లోకప్రసిద్ధము. వనపర్వమూలమున ఆ కథ లేదు. అష్టావక్రగీతను ప్రవచించువారి నోట అది వ్యాపించినది. ప్రవచనములలో ఈ మాటకు చప్పట్లు మోగును. బాలుడు శూన్యపీఠమున తానే కూర్చుండి సభను ఆలంబనము చేసెను గనుక నా ప్రతిపాదనకు అది అనుకూలమే. అయినను నాకు ఆ మాట రుచింపదు. తనపై పడిన అవమానమును అచట లేని, తనకు ఏ అపకారము చేయని శ్రామికులపైకి నెట్టుట అందు కలదు. బూరుగుబుడిపె మాట ఎవరినీ తక్కువ చేయదు. మూలము జనశ్రుతి కంటె సభ్యమైనది.

ఈ కథలన్నిటి ముగింపు ఒక తీరుననే ఉండును. అష్టావక్రుడు సమంగానదిలో మునిగి సమాంగుడయ్యెను. త్రివక్ర ఋజుగాత్రి యయ్యెను. పంచతంత్రమున అంధకునకు చూపు వచ్చినది, కుబ్జకుని గూని విసరికొట్టిన దెబ్బకు పోయినది. శాంతిపర్వమున చేతులు నరకబడిన లిఖితుడు బాహుదానదిలో మునిగి తర్పణమునకు పూనుకొనగ చేతులు మరల వచ్చినవి. బాహువులనిచ్చినది గనుక బాహుద. ఆ పేరిటి యేరే నేడు ఇచ్ఛాపురము ప్రక్కగ సాగి ఈ తీరముననే సముద్రమును చేరుచున్నది. అందు ప్రతిదినము స్నానమాడిన నా శిష్యుని కాలు ఎప్పటివలెనే యున్నది. పురాణకర్తలకు వైకల్యము ఒక ముడి, కథాంతమున దానిని విప్పవలెను. విదూషకుడొక్కడే దీనికి అపవాదము. రాజునకు రాణి దొరకును, శాపము తీరును, పుత్రుడు కనబడును, భరతవాక్యము పలుకబడును. వంకరవాడు వంకరకర్రతోనే నిష్క్రమించును. వానిని చక్కజేయవలెనని ఏ కవికిని తోచలేదు, ఏ ప్రేక్షకుడును కోరలేదు. చక్కబడినచో మనము ఆ స్నేహితుని పోగొట్టుకొందుము.

ఇచట ఒక ఆక్షేపము రావచ్చును. విదూషకుడు రాజాన్నము తినువాడు. మోదకముల కొరకు తన దేహమును తానే నవ్వులపాలు చేసికొనుట స్వాతంత్ర్యమెట్లగును? పరులు నవ్వకముందే తాను నవ్వుట భయముచే కట్టిన కోట కావచ్చును కదా? ఆక్షేపము బలమైనది. అట్టివి కలవు. లోకమున కొందరు నవ్వించిననే గాని తమను సహింపరని నేర్చి నవ్వించుచుందురు. వానిని గుర్తించుటకు నేను వాడు పరీక్ష ఒకటి కలదు. పరిహాసము తరువాత ఆ పాత్ర మాట ఎటు పోవుచున్నదో చూడవలెను. మాధవ్యుడు వేతసమును చెప్పి ఊరకుండలేదు, రాజును దోషిగ నిలిపెను. త్రివక్ర పేరు చెప్పి తన నైపుణ్యమునకు వచ్చెను. అష్టావక్రుడు బుడిపెను చెప్పి లోనికి ప్రవేశించెను. పరిహాసము వారికి గడప. పరిహాసముతోనే మాట ముగిసిన పాత్ర, ఎంత నవ్వించినను, గూనిచాకలికి దూరముగ పోలేదు.

నేటి న్యాయస్థానమును ఇట్టి భేదమునే గుర్తించినది. ఆంఖ్ మిచోలీ అను హిందీ చలనచిత్రమును గూర్చి నిపుణ్ మల్హోత్రా తెచ్చిన వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము 2024 జులై 8వ తేదీన తీర్పు చెప్పుచు, వికలాంగులను కించపరచు హాస్యము వేరు, వైకల్యమును గూర్చి లోకమునకు గల అపోహలను ప్రశ్నించు హాస్యము వేరు అని వివేచించెను. మనువును నాట్యశాస్త్రమును ఎదురెదుర నిలిపి మనము వెదకిన సమన్వయమునకు ఇది దగ్గర. తథ్యమైనను దండనీయమైన మాటను ఆ తథ్యము ఎవరిదో వారు పలికినచో దండము లేదు.

ఈ విచారము ఫలితముగ పాఠ్యక్రమమునకు ఒక చిన్న సూచన చేయుచున్నాను. వ్యంగదర్శనమను పదమును బోధించునప్పుడు ఉదాహరణముగ ఏ గూనివానినో చూపి దాటిపోక, విక్రమోర్వశీయము నుండి ద్వితీయాంక ప్రవేశకమును, పంచమాంకమున కుమారవందన ఘట్టమును జోడించి చదివింపవలెను. ప్రశ్నపత్రమున విభావములను పేర్కొనుమనుటకు బదులు, నిపుణిక మాటకును మాణవకుని మాటకును నవ్వున గల భేదమును వివరింపుమని అడుగవచ్చును. పాత్రల మాటలను పంచునప్పుడు విదూషకుని మాట ఎవరు చదువవలెనో ఉపాధ్యాయుడు నిర్ణయింపకుండుట మేలు. చేయి ఎవరెత్తుదురో వేచి చూడవలెను.